మెకానమ్ డ్రైవ్‌ట్రెయిన్ ఎక్కడ వదులవుతుంది, ఎందుకు వదులవుతుంది

స్కూలు, కాలేజీ రోబోటిక్స్ పోటీల్లో మెకానమ్ చక్రాలు, అంటే అంచు చుట్టూ ఏటవాలు రోలర్లున్న చక్రాలు, ఇప్పుడు మామూలైపోయాయి. స్టీరింగ్ లేకుండానే రోబో ముందుకు, వెనక్కు, పక్కకు, ఐమూలగా పోతుంది, నిలబడ్డచోటే తిరుగుతుంది. ఈ డ్రైవ్‌ట్రెయిన్ (రోబోను నడిపే మోటార్లు, చక్రాల ఏర్పాటు) తయారీ కూడా చూడటానికి తేలికే: నాలుగు మోటార్లు, నాలుగు చక్రాలు, కోడ్‌లో నాలుగు వరుసలు. కొత్తలో చక్కగా నడిచిన ఆ రోబోయే సీజన్ సగానికి వచ్చేసరికి మాట వినదు. పక్కకు పొమ్మంటే మెల్లగా తిరిగిపోతుంది. ఒక చక్రం ఊగుతుంది, ఒక మోటారు మిగతా మూడింటికంటే ఎక్కువ వేడెక్కుతుంది, హబ్ (చక్రాన్ని ఇరుసుకు పట్టే భాగం) బోల్టులు ఎన్నిసార్లు బిగించినా వదులవుతుంటాయి.

ఈ జబ్బులు వేర్వేరుగా కనిపించినా చాలావాటి మూలం ఒక్కటే. మెకానమ్ చక్రం నేరుగా పోతున్నప్పుడు కూడా తన ఇరుసును పక్కకు తోస్తుంది. మామూలు చక్రం అలా చేయదు. మామూలు చక్రానికి సరిపోయే బిగింపుతో మెకానమ్ చక్రాన్ని కూర్చోబెడితే అది కొద్ది వారాలే నిలుస్తుంది. ఆ పక్కతోపును ముందే లెక్కలోకి తీసుకుని ఎలా కట్టాలో ఇక్కడ చూద్దాం. ఉదాహరణకు ఫస్ట్ టెక్ ఛాలెంజ్ అనే స్కూలు విద్యార్థుల పోటీ తరహా రోబోను తీసుకుంటున్నాం: ఆట మొదలయ్యేటప్పుడు 18 అంగుళాల ఘనంలో, అంటే దాదాపు 45.7 సెం.మీ.లో ఇమడాలి, 12 వోల్టుల బ్యాటరీ, 20 ఆంప్స్ ఫ్యూజు, నేల మీద 24 అంగుళాల ఫోమ్ పలకలు, బరువు సుమారు 14 కేజీలు అనుకుందాం. కాలేజీ విద్యార్థుల పోటీ రోబోకాన్‌లో రోబోలు ఇంతకంటే పెద్దవి, గట్టి నేల మీద నడుస్తాయి. అక్కడ అంకెలు మారతాయి గానీ సూత్రం ఇదే.

చక్రం పక్కకు ఎందుకు తోస్తుంది

స్వీడన్ ఇంజినీరు బెంగ్ట్ ఇలోన్ మెకానమ్ ఏబీ అనే కంపెనీలో ఉండగా ఈ చక్రాన్ని రూపొందించాడు. అమెరికాలో దీనికి పేటెంట్ 1975లో దక్కింది. చక్రం అంచు చుట్టూ పీపా ఆకారంలో ఉండే రోలర్లను ఇరుసుకు 45 డిగ్రీల వాలులో బిగించడమే ఇందులోని కీలకం.

రోలర్ తన అక్షం చుట్టూ స్వేచ్ఛగా దొర్లుతుంది. కాబట్టి అది దొర్లే దిక్కులో నేలను పట్టుకోలేదు; దాని పొడవు వెంట మాత్రమే పట్టు ఉంటుంది. అందుకే నేల చక్రాన్ని తోసే బలం ఎప్పుడూ 45 డిగ్రీల ఏటవాలుగానే వస్తుంది. ఆ బలం ముందుకు ఎంత తోస్తుందో, ఇరుసు వెంట పక్కకూ సరిగ్గా అంతే తోస్తుంది.

రోబో ముందుకు పోతున్నప్పుడు ముందు రెండు చక్రాలనూ నేల లోపలికి, అంటే రోబో మధ్య వైపు తోస్తుంది. వెనక రెండింటినీ బయటికి లాగుతుంది. ఎడమ, కుడి తోపులు ఛాసిస్‌లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి రోబో నేరుగానే పోతుంది. బయటి నుంచి చూసేవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. కానీ ఆ రద్దు జరిగేది హబ్‌లు, బేరింగ్‌లు, ప్లేట్ల గుండానే. వెనక్కు తిప్పగానే నాలుగు చక్రాల మీదా తోపు దిశ తారుమారవుతుంది. ముందుకు పోతున్న రోబోను కుడిపక్కకు మళ్లిస్తే రెండు చక్రాల మీద మారుతుంది. రెండున్నర నిమిషాల మ్యాచ్‌లో డ్రైవరు జాయ్‌స్టిక్‌ను ఎన్నిసార్లు కదుపుతాడో చూస్తే, ఒక్కో హబ్‌ను ఈ తోపు ఎన్నిసార్లు అటూ ఇటూ కుదుపుతుందో అర్థమవుతుంది.

తోపు ఎంత? 14 కేజీల బరువు నాలుగు చక్రాల మీద సమానంగా పడితే ఒక్కోదాని మీద 34 న్యూటన్లు. రబ్బరు, ఫోమ్ మధ్య ఘర్షణ గుణకం 1 అనుకుంటే, జారేముందు రోలర్ వెంట వచ్చే గరిష్ఠ బలం ఆ 34 న్యూటన్లే. అందులో ముందుకు 24, పక్కకు 24. ఇది పెద్ద బలం కాదు. అంగళ్లలో దొరికే 608 బేరింగ్, అంటే 8 మి.మీ. రంధ్రం, 22 మి.మీ. బయటి వ్యాసం, 7 మి.మీ. మందం ఉన్నది, అక్షం వెంట 300 న్యూటన్లను కూడా సునాయాసంగా మోస్తుంది. అంటే మామూలు నడకలో ఏదీ విరగదు, వదులవుతుంది. ఒకే దిశలో స్థిరంగా ఉండే పెద్ద బలానికి బోల్టు నిలబడుతుంది; దిశ మార్చుకుంటూ కుదిపే చిన్న బలం దాన్ని కొద్దికొద్దిగా విప్పుతుంది. అందుకే మెకానమ్ విషయంలో మందమైన లోహం వాడటం కంటే కదలికకు చోటివ్వకపోవడం ముఖ్యం.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. మామూలు చక్రమైతే అదే బరువుతో 34 న్యూటన్ల దాకా ముందుకు తోయగలదు. మెకానమ్‌ది 24 దగ్గరే జారిపోతుంది. ఎదుటి రోబోతో తోపులాటకు దిగే ఆటలో ఈ 30 శాతం లోటు ఏ మోటారు పెట్టినా పూడదు. మీ ఆట వ్యూహం నెట్టడం మీదే ఆధారపడితే, లేదా ఎత్తైన అడ్డుపట్టీలు దాటాల్సి ఉంటే, మెకానమ్ వద్దు.

రోలర్లు ఏ వైపు వాలాలి

చక్రాలు రెండు ఎడమ వాలువి, రెండు కుడి వాలువి వస్తాయి. ముందు ఎడమది, వెనక కుడిది ఒక రకం. ముందు కుడిది, వెనక ఎడమది రెండో రకం. రోబోను పైనుంచి చూస్తే నాలుగు చక్రాల పైరోలర్ల గీతలు రోబో మధ్యకు చూపించాలి, గుణకారం గుర్తులా. నేలను తాకే రోలర్లు పైవాటికి ఎదురు వాలులో ఉంటాయి కాబట్టి కింద అవి వజ్రాకారం గీస్తాయి. అలా ఉన్నప్పుడే చక్రాల తోపులు రోబో కేంద్రానికి దూరంగా పోయి దాన్ని తిప్పగలుగుతాయి.

తిరగేసి బిగిస్తే, అంటే పైనుంచి వజ్రాకారం కనిపిస్తే, నేల మీది నాలుగు తోపు రేఖలూ కేంద్రం గుండానే పోతాయి. ముందువెనకల దూరం, ఎడమకుడుల దూరం సమానంగా ఉన్న రోబో ఇక తిరగనే తిరగదు. దీర్ఘచతురస్రమైతే ఎంతో కష్టం మీద తిరుగుతుంది. పక్కకు నడిచే దిశ కూడా తారుమారవుతుంది. చాలామంది దీన్ని కోడ్ తప్పు అనుకుని గంటల తరబడి మైనస్ గుర్తులు మారుస్తుంటారు. కోడ్ తెరిచేముందు పైనుంచి ఒకసారి చూడండి.

మోటారు, చక్రం ఎంపిక

ఈ సైజు రోబోలకు ఎక్కువగా వాడేది 96 మి.మీ. చక్రం, దానికి 312 లేదా 435 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) ప్లానెటరీ గేర్ మోటారు. గోబిల్డా కంపెనీ 5203 శ్రేణి మోటార్లలో 312 ఆర్‌పీఎమ్ రకానికి గేర్ నిష్పత్తి 19.2:1, ఆగిపోయేటప్పటి టార్కు (తిప్పే బలం) 24.3 కేజీ సెం.మీ.; 435 రకానికి 13.7:1, 18.7 కేజీ సెం.మీ. రెండింటికీ పూర్తిగా ఆగిపోయినప్పుడు లాగే కరెంటు 9.2 ఆంప్స్. 96 మి.మీ. చక్రంతో బరువు లేనప్పుడు మొదటిది సెకనుకు 1.57 మీటర్లు, రెండోది 2.19 మీటర్లు పోతుంది.

ఎంచుకోవడానికి వేగం ఒక్కటే కొలమానం కాదు. చక్రం జారడానికి కావాల్సిన టార్కు 24 న్యూటన్ల పైచిలుకు × 0.048 మీటర్లు, అంటే దాదాపు 1.16 న్యూటన్ మీటర్లు. 312 మోటారు ఇవ్వగల గరిష్ఠ టార్కు 2.38 న్యూటన్ మీటర్లు కాబట్టి చక్రం జారే సమయానికి అది 4.6 ఆంప్స్ లాగుతుంది. నాలుగూ కలిస్తే 18 ఆంప్స్ పైచిలుకు. 20 ఆంప్స్ ఫ్యూజుకు లోబడే ఉంది. 435 మోటారు అదే పనికి 5.9 ఆంప్స్ లాగుతుంది, నాలుగూ కలిసి దాదాపు 24. ఫ్యూజు క్షణకాలం ఓర్చుకుంటుంది కానీ గోడకు ఆనించి నెడుతూ ఉంటే ఓర్చుకోదు. అదే సమయంలో లిఫ్టు మోటార్లు కూడా పనిచేస్తుంటాయని మరిచిపోవద్దు. మా సలహా: మొదటి సీజన్ జట్టు 312 తీసుకోవాలి. 435 బరువు తక్కువున్న రోబోకు, చేయి తిరిగిన డ్రైవరుకు బాగుంటుంది.

రోలర్ రబ్బరు గట్టిదనం కూడా చూడాలి. షోర్ 70ఎ లాంటి గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, మెత్తనిది బాగా పట్టుకుంటుంది గానీ త్వరగా అరుగుతుంది. రోలర్ లోపల బుష్‌కు (నున్నటి గొట్టానికి) బదులు బాల్ బేరింగ్ ఉన్న చక్రాలు దొరికితే ఖర్చు ఎక్కువైనా అవే తీసుకోండి. పక్కకు నడిచేటప్పుడు వేగం తగ్గడానికి చాలావరకు కారణం రోలర్ లోపలి ఘర్షణే. చిన్న పసుపురంగు టీటీ మోటార్ల కోసం వచ్చే 60, 80 మి.మీ. ప్లాస్టిక్ చక్రాలు బల్ల మీద సూత్రం నేర్చుకోవడానికి సరిపోతాయి. 14 కేజీల రోబో కింద వాటి హబ్‌లు నిలవవు.

ఒక మూలను ఎలా కట్టాలి

మోటారు షాఫ్ట్‌కే చక్రం తగిలించేయడం అందరికీ తెలిసిన దారి. భాగాలు తక్కువ, బరువు తక్కువ. కానీ రోబో బరువు, పక్కతోపు, ఢీకొన్నప్పటి దెబ్బ అన్నీ గేర్‌బాక్సు చివరనున్న చిన్న బేరింగుల మీదే పడతాయి. ఢీకొన్నప్పటి లెక్క చూడండి: 14 కేజీల రోబో సెకనుకు 1.5 మీటర్ల వేగంతో పక్కకు పోతూ 10 మి.మీ.లో ఆగితే సగటు బలం 1,500 న్యూటన్ల పైన. అది ఒక చక్రం అంచుకు తగిలితే షాఫ్ట్ మీద వంపు 75 న్యూటన్ మీటర్లు. మామూలు 8 మి.మీ. స్టీలు షాఫ్ట్ అందులో మూడో వంతుకే శాశ్వతంగా వంగిపోతుంది.

దీని నుంచి రెండు నియమాలు వస్తాయి. ఒకటి, గోడకు గానీ ఎదుటి రోబోకు గానీ ముందు తగిలేది చక్రం కాకూడదు, ఫ్రేమ్ తగలాలి. రెండు, ఇరుసును చక్రానికి రెండు వైపులా ప్లేట్లు పట్టుకోవాలి. రోబోకు ఒక్కో పక్కన రెండు సమాంతర అల్యూమినియం ప్లేట్లు నిలబెట్టి, మధ్యలో చక్రాలు కూర్చోబెడితే రెండూ ఒకేసారి నెరవేరతాయి. లోపలి ప్లేటు 5 లేదా 6 మి.మీ., బయటిది 3 మి.మీ. 6061 రకం అల్యూమినియం చాలు. చక్రానికీ ప్లేటుకూ మధ్య ఇరువైపులా 2, 3 మి.మీ. ఖాళీ ఉండాలి. రోలర్లు చక్రం ప్లేట్ల కంటే బయటికి పొడుచుకొస్తాయి కాబట్టి రోలర్ కొస నుంచి కొలవాలి.

ఒక్కో మూలకు కావాల్సినవి: 8 మి.మీ. స్టీలు ఇరుసు ఒకటి, అంచున్న బేరింగులు రెండు, చక్రానికి క్లాంపింగ్ హబ్ ఒకటి, పుల్లీలు రెండు, బెల్టు ఒకటి, షాఫ్ట్ కాలర్లు (ఇరుసుకు బిగించే ఉంగరాలు) రెండు, స్పేసర్లు (మధ్య ఎడం ఉంచే గొట్టాలు), 0.25, 0.5, 1 మి.మీ. షిమ్‌లు (పల్చటి వాషర్లు). బేరింగుల అంచులను ఎటు పెట్టాలనేది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ పక్కతోపు రెండు వైపులా వస్తుంది కాబట్టి ఇక్కడ అదే ప్రధానం. రెండు బేరింగుల అంచులూ చక్రం వైపు, అంటే ప్లేట్ల లోపలి ముఖాలకు ఆనుకుని ఉండాలి. అప్పుడు ఇరుసు ఎటు జరగబోయినా హబ్, స్పేసర్ వెళ్లి బేరింగును ఒత్తుతాయి, బేరింగు అంచు ప్లేటును ఒత్తుతుంది, తోపు నేరుగా ప్లేటులోకి పోతుంది. అంచులు బయటికి ఉంటే బేరింగు తన గూటిలోంచి జారిపోవడానికి చూస్తుంది.

స్పేసరు బేరింగు లోపలి రింగును మాత్రమే తాకాలి. బయటి రింగుకో మూతకో రాసుకుంటే అది బ్రేకులా పనిచేస్తుంది, మోటారు వేడెక్కుతుంది. అందుకని బేరింగు పక్కన ముందు సన్నని షిమ్ ఒకటి, ఆ తర్వాతే వెడల్పాటి స్పేసరు. అన్నీ పేర్చాక ఇరుసును చేత్తో అటూ ఇటూ లాగి చూడండి: 0.2 మి.మీ. దాకా కదిలితే మంచిదే. అంతకు మించితే షిమ్ కలపండి. అసలే కదలకుండా, చక్రం తిప్పితే బరువుగా ఉంటే ఒకటి తీసేయండి. కాలర్లు చివర్లో కాపలాకే, బిగింపు పని వాటిమీద పెట్టకూడదు.

చక్రం పట్టుకు గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న మర) ఉన్న హబ్ వాడొద్దు. దాని మొన ఒక్క బిందువు దగ్గరే షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. దిశ మారిన ప్రతిసారీ అక్కడ చిన్న గుంట పడి అది క్రమంగా పెద్దదవుతుంది. షాఫ్ట్ చుట్టూ బిగుసుకునే క్లాంపింగ్ హబ్, దానికి తగ్గ చదును ముఖాలున్న షాఫ్ట్ ఉంటే మేలు. హబ్‌ను చక్రానికి పట్టే నాలుగు ఎం4 బోల్టులు అల్యూమినియంలో కనీసం 6 మి.మీ. లోతు దిగాలి. నాలుగింటినీ ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి మరోదానికి పోతే చక్రం వంకరగా కూర్చుంటుంది.

లోహంలోకి దిగే ప్రతి బోల్టుకూ నీలిరంగు, మధ్యస్థ బలం ఉన్న థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేయాలి, లాక్‌టైట్ 243 లాంటిది. ముందు మరలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక చుక్క వేసి, రాత్రంతా ఆరనివ్వాలి. పాలీకార్బనేట్, ఏబీఎస్ భాగాల దగ్గర మాత్రం వేయొద్దు. ఆ ద్రవం తగిలిన ప్లాస్టిక్ కొద్దిరోజుల్లో బీటలు వారుతుంది. అక్కడ నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉన్నది) వాడండి. ఆఖరున పెయింట్ పెన్నుతో బోల్టు తల మీదుగా ప్లేటు మీదకు ఒక గీత గీయండి. గీత తెగిందంటే బోల్టు తిరిగింది. ప్రతి మ్యాచ్ తర్వాత పదహారు హబ్ బోల్టులనూ ఎలెన్ కీతో తడమాల్సిన పని దీంతో తప్పుతుంది.

బెల్టా, బెవెల్ గేరా

మోటారును చక్రం నుంచి విడదీశాక శక్తిని చేరవేయడానికి రెండు మంచి దారులున్నాయి. 1:1 బెవెల్ గేర్లు (తిరుగుడును లంబకోణంలో మళ్లించేవి) పెడితే మోటారు ప్లేటు వెంట పడుకుంటుంది, మధ్యలో చోటు బాగా మిగులుతుంది. కానీ ఇరుసు అర మిల్లీమీటరు పక్కకు జరిగినా గేర్ల పళ్లు విడిపోతాయి లేదా బిగుసుకుంటాయి. ఆ తర్వాత పళ్లు రాలడం మొదలవుతుంది. బెల్టు అయితే అంత కదలికను పట్టించుకోదు. పక్కతోపు ఉన్నచోట అందుకే బెల్టుకు మా ఓటు.

5 మి.మీ. పిచ్ (పళ్ల మధ్య దూరం) ఉన్న హెచ్‌టీడీ రకం పళ్ల బెల్టు, 9 మి.మీ. వెడల్పు తీసుకోండి. పుల్లీలు పెద్దవి పెట్టండి. 1.16 న్యూటన్ మీటర్ల టార్కుకు 24 పళ్ల పుల్లీ మీద బెల్టు లాగుడు 60 న్యూటన్ల పైన ఉంటుంది. 14 పళ్ల పుల్లీ మీద అదే 100 దాటుతుంది, పైగా పట్టులో ఉండే పళ్లూ తక్కువే. రెండు పుల్లీలూ ఒకే సైజైతే మధ్య దూరం లెక్క సులువు: బెల్టు పొడవులోంచి ఒక పుల్లీ చుట్టుకొలత తీసేసి సగం చేయాలి. 60 పళ్ల బెల్టు అంటే 300 మి.మీ., 24 పళ్ల పుల్లీ అంటే 120 మి.మీ.; మధ్య దూరం 90 మి.మీ. వస్తుంది. ప్లేటును సీఎన్‌సీ మీద కోయిస్తుంటే ఆ దూరాన్నే పెట్టండి. చేత్తో రంధ్రాలు వేస్తుంటే మోటారు వైపు 2, 3 మి.మీ. పొడవాటి గాడి ఇచ్చి తర్వాత సర్దుకోండి. చైను కూడా పనిచేస్తుంది, కాకపోతే అది సాగుతుంది, మధ్యమధ్యలో బిగించాలి.

బేరింగులు, షాఫ్ట్ కాలర్లు, మంచి ఎం4 బోల్టులు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, కనెక్టర్లు, తీగలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఇరుసు, స్పేసర్ల లేత్ పనికి విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లకు వెళ్లొచ్చు. స్పేసర్లు చేయించేటప్పుడు రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలని గట్టిగా చెప్పండి, పొడవు 0.1 మి.మీ. తేడా వస్తే షిమ్‌తో సరిపోతుంది, ముఖం వంకరైతే దేనితోనూ సరిపోదు.

ఫ్రేమ్: నాలుగూ నేలను తాకాలి

నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగినట్టే, బిగుసుకుపోయిన ఫ్రేమ్ ఉన్న రోబోలో ఒక చక్రం గాలిలో తేలుతుంది. మామూలు రోబోకు అది పెద్ద నష్టం కాదు. మెకానమ్‌లో నాలుగు తోపుల మొత్తమే దిశను నిర్ణయిస్తుంది కాబట్టి ఒకటి తగ్గితే దారి మారిపోతుంది.

పక్క ప్లేట్లు ఒకదానికొకటి సమాంతరంగా, అడుగు భాగం చతురస్రంగా కదలకుండా ఉండాలి. కింద 3 మి.మీ. పాలీకార్బనేట్ లేదా 2 మి.మీ. అల్యూమినియం పలక ఒకటి మొత్తం అడుగును కప్పేలా బిగిస్తే ఆ పని అవుతుంది. చక్రాల మధ్య ఐమూల కొలతలు రెండూ 1 మి.మీ. లోపు కలవాలి. మెలి తిరగడంలో మాత్రం కొంచెం వెసులుబాటు ఉండటమే మంచిది. ఫోమ్ నేల తానే కొంత సర్దుకుంటుంది. చెక్క నేల మీద ఆడే పెద్ద రోబోకు ముందు రెండు చక్రాలను ఒక అడ్డకమ్మీ మీద పెట్టి, ఆ కమ్మీని మధ్యలో ఒక పిన్ను చుట్టూ మూడు డిగ్రీలు ఊగనిస్తే నాలుగు చక్రాలూ ఎప్పుడూ నేల మీదే ఉంటాయి.

బరువు పంపకాన్ని ఊహించొద్దు, కొలవండి. వంటింటి డిజిటల్ కాటాలు నాలుగు తెచ్చి ఒక్కో చక్రం కింద ఒకటి పెట్టండి. 14 కేజీల రోబోకు ఒక్కోదాని మీద 3.5 కేజీలు రావాలి, 3.1కీ 3.9కీ మధ్య ఉంటే ఫర్వాలేదు. ముందు వైపు బరువెక్కువైతే వెనక చక్రాలు ముందుగా జారతాయి, పక్కకు నడిచేటప్పుడు తోక వెనకబడి రోబో తిరిగిపోతుంది. దీనికి తేలికైన మందు బ్యాటరీ చోటు మార్చడం. లిఫ్టు పూర్తిగా పైకి చాచిన స్థితిలో కూడా ఒకసారి తూయండి.

కోడ్ యంత్రాన్ని కాపాడగలదు

సమీకరణాలు చిన్నవే. ముందుకు, కుడికి, కుడివైపు తిప్పడానికి జాయ్‌స్టిక్ ఇచ్చే మూడు విలువలను నడక, పక్క, తిప్పు అందాం.

ముందు ఎడమ = నడక + పక్క + తిప్పు
వెనక ఎడమ = నడక − పక్క + తిప్పు
ముందు కుడి = నడక − పక్క − తిప్పు
వెనక కుడి = నడక + పక్క − తిప్పు

మూడు విలువల పరిమాణాలు కలిపితే 1 దాటొచ్చు. అప్పుడు నాలుగు ఫలితాలనూ ఆ మొత్తంతో భాగించాలి. ఏ మోటారుకు ఆ మోటారును 1 దగ్గర కత్తిరించేస్తే నాలుగింటి మధ్య నిష్పత్తి చెడి రోబో అనుకోని దారి పడుతుంది. పక్కకు నడక ముందునడక కంటే నెమ్మదిగా ఉంటుంది కాబట్టి పక్క విలువను 1.1తో గుణించడం వాడుకలో ఉంది; మీ రోబోకు సరైన అంకెను రెండు దిక్కుల్లోనూ ఒకే సమయంలో పోయిన దూరాలు కొలిచి తేల్చుకోండి.

వేగం మార్పుకు ఒక కళ్లెం వేయడం చాలామంది వదిలేస్తారు. పూర్తి వేగంతో తిరుగుతున్న మోటారుకు ఒక్కసారిగా ఎదురు వోల్టేజీ ఇస్తే, తిరుగుడు వల్ల పుట్టే వోల్టేజీ కూడా తోడై, ఆ క్షణంలో కరెంటు ఆగిపోయినప్పటి కరెంటుకు రెట్టింపు దాకా పోగలదు. గేర్‌బాక్సు పళ్లకు, హబ్‌కు, ఫ్యూజుకు అతిపెద్ద దెబ్బ అదే. 20 మిల్లీసెకన్లకోసారి తిరిగే లూప్‌లో ఒక్కో విడతకు పవర్ 0.1 కంటే ఎక్కువ మారకుండా ఆపండి. సున్నా నుంచి పూర్తికి 0.2 సెకన్లు పడుతుంది. డ్రైవరుకు తేడా దాదాపు తెలియదు, భాగాలకు చాలా తెలుస్తుంది.

జైరోస్కోప్‌తో (తిరుగుడును కొలిచే సెన్సరుతో) దిశ పట్టి ఉంచే కోడ్ రాసేముందు యాంత్రిక లోపాలు సరిచేయండి. బిగుసుకుపోయిన రోలర్‌ను, వదులైన హబ్‌ను ఆ కోడ్ కప్పిపెడుతుంది. లోపం పెరిగి పెరిగి మ్యాచ్ మధ్యలో బయటపడుతుంది. చక్రాలు జారతాయి కాబట్టి డ్రైవరు లేకుండా రోబో తానే నడిచే స్వయంచాలక దశలో దూరం కొలవడానికి డ్రైవ్ మోటారు ఎన్‌కోడర్లను (చుట్లు లెక్కించే సెన్సర్లను) నమ్ముకోవద్దు. స్ప్రింగుతో నేలకు ఒత్తిన విడి ఓమ్ని చక్రాలకు (అంచున పక్కకు దొర్లే చిన్న రోలర్లున్నవాటికి) ఎన్‌కోడర్లు పెట్టండి. రోబోను నడిపే కంప్యూటరుగా రెవ్ కంట్రోల్ హబ్ వాడుతుంటే వాటిని 0, 3 పోర్టుల్లో పెట్టాలి. మిగతా రెండు పోర్టుల లెక్కింపు సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడుతుంది, వేగంలో కొన్ని గణనలు జారిపోవచ్చు.

లక్షణాన్ని బట్టి లోపం

కొత్త డ్రైవ్‌ట్రెయిన్‌ను నేల మీద పెట్టేముందు దిమ్మెల మీద ఎత్తి, సగం పవర్‌తో పది నిమిషాలు నడపండి, ప్రతి నిమిషానికీ దిశ మారుస్తూ. ఆగాక నాలుగు గేర్‌బాక్సులనూ చేత్తో ముట్టుకుని చూడండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ మూలలో స్పేసరు రాసుకుంటోంది లేదా బెల్టు మరీ బిగువుగా ఉంది.

పక్కకు పొమ్మంటే ఐమూలగా పోతోందంటే ఒక చక్రం పనిచేయడం లేదు: మోటారు తిరుగుతూ చక్రం ఆగి ఉంటే హబ్ జారుతోంది, రెండూ ఆగి ఉంటే తీగ ఊడింది. బుల్లెట్ కనెక్టర్లు కుదుపులకు జారతాయి. వాటి మీద హీట్‌ష్రింక్ గొట్టం వేసి, మోటారు పక్కనే తీగను జిప్‌టైతో ఫ్రేమ్‌కు కట్టాలి. చక్రం ఒక్కో చుట్టుకూ ఒకసారి టక్ మని చప్పుడు వస్తే ఒక రోలర్ బిగుసుకుంది లేదా దాని పిన్ను బయటికి వచ్చి ప్లేటుకు తగులుతోంది. నేరుగా పోతూ ఒక వైపు లాగుతుంటే ఆ వైపు బెల్టులు, తర్వాత కాటాల లెక్క చూడండి.

రోలర్ల శుభ్రత వారానికోసారి చేయాల్సిన పని. ఒక్కో రోలర్‌ను వేలితో తిప్పితే ఒకటి రెండు చుట్లు తనంతట తిరగాలి. తిరగకపోతే కొసల దగ్గర వెంట్రుకలు, దారాలు చుట్టుకుని ఉంటాయి, పట్టకారుతో లాగేయండి. నూనె వేయొద్దు, దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది, రబ్బరును ఉబ్బిస్తుంది. బుష్ ఉన్న రోలర్లకు పొడి పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) స్ప్రే కొద్దిగా చాలు. రబ్బరు ముఖాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడిస్తే పట్టు తిరిగొస్తుంది. రోలర్ మధ్యభాగం చదునుగా అరిగి పీపా ఆకారం పోయిందంటే ఆ చక్రాన్ని సాధనకు మార్చి, పోటీకి కొత్తది వేయాలి. ఎదురు మూలలో ఉన్న జత చక్రాన్ని కూడా అప్పుడే మార్చండి, లేకపోతే రెండింటి వ్యాసాలూ తేడాగా ఉంటాయి.

పోటీకి తీసుకెళ్లే పెట్టెలో రెండు వాలుల చక్రాలు ఒక్కోటి, మోటారు ఒకటి, బెల్టులు రెండు, బేరింగులు నాలుగు, షిమ్‌ల పొట్లం, 20 ఆంప్స్ ఫ్యూజులు ఉండాలి. చక్రాన్ని ఇరుసు, హబ్, స్పేసర్లతో సహా ముందే పేర్చి ఉంచుకోండి. బయటి ప్లేటును పట్టే బోల్టులు బయటి నుంచే విప్పగలిగేలా ఉంటే, పాత ఇరుసును లాగి పేర్చిన కొత్తదాన్ని తోసేయొచ్చు. లోపలి వైపు నట్లు పెడితే లిఫ్టు సగం విప్పితే తప్ప చెయ్యి పోదు, కాబట్టి ఆ నట్ల స్థానంలో ప్లేటుకే మరలు వేయించండి.